సీతాలుకు లేని రెండు మచ్చలు

ఒక్క పూటలో, ఒక్క ఫైలుతో, రెండు జిల్లాల మధ్య పరువు పోగొట్టుకున్న ప్రబుద్ధుణ్ణి మీరెప్పుడూ చూసి ఉండరు. అయితే ఇటు తిరగండి. నేనే.

డెబ్బైల్లో తిరువూరులో పిల్లల కేసులు చూసే ఉద్యోగం నాది. కోర్టు ఏ పిల్లనైనా ఒకరి చేతిలో పెడితే, నెలకోసారి ఆ ఇంటికి వెళ్ళి, పిల్లను కళ్ళారా చూసి రిపోర్టు రాయాలి. ఇరవై నాలుగేళ్ళవాణ్ణి. తలనిండా నూనె, కాళ్ళనిండా బెల్ బాటమ్ ప్యాంటు, లోపల సరుకు సున్నా.

సీతాలుకు ఎనిమిదేళ్ళు. తల్లీ తండ్రీ పోతే, రెడ్డిగూడెం మామిడితోటలో కాపలా ఉండే బాబాయి తీసుకెళ్ళి గొడ్డును బాదినట్టు బాదాడు. కోర్టు పిల్లను అమ్మమ్మ రత్తమ్మకు అప్పగించింది. షరతు ఒక్కటే: ఎక్కడున్నా ఒక ఆఫీసరు కనిపెట్టుకుని ఉండాలి. అది తప్పితే పిల్ల మళ్ళీ బాబాయి దగ్గరికే.

ఆ కనిపెట్టుకునే మొనగాణ్ణి నేను! రత్తమ్మ గుడిసె గంపలగూడెం దారిలో ఉంది. సైకిలు తొక్కితే నా ప్యాంటు చైన్లో పడేది. దేశంలో ఏ పిల్ల క్షేమమైనా నా ప్యాంటు తర్వాతే కదా! అందుకని ప్రతి నెలా బస్టాండు దగ్గర హోటల్లో కూర్చుని పెసరట్టు తింటూ రాసేసేవాణ్ణి: "పిల్ల ఆరోగ్యముగా ఉన్నది. చదువు పట్ల ఆసక్తి చూపుచున్నది." ఆరు నెలలు, ఆరు పెసరట్లు, అదే ముక్క. చూసి రమ్మంటే కాల్చి వచ్చినవాడు నాకంటే నయం, కనీసం వెళ్ళాడు.

ఇంతలో రత్తమ్మ మిరప కోతలకని ఖమ్మం జిల్లాలో ఉన్న కొడుకు దగ్గరికి మకాం మారుస్తానంది. కేసు అవతలి ఆఫీసుకు బదిలీ చేయాలి. పిల్లను వెంటబెట్టుకెళ్ళి అప్పగించి, సంతకం తీసుకురావాలి. ఫారంలో "పిల్ల ఒంటిమీది గుర్తులు రెండు" అని ఒక గడి ఉంది. చూడని పిల్లకు గుర్తులెక్కణ్ణుంచి తేను? సొరుగులోంచి ఒక పుస్తకం తీసి, అందులో ఉన్న రెండు మచ్చలు దించేశాను. ఏ పుస్తకమని అప్పుడే అడక్కండి.

బయల్దేరే రోజు బస్టాండులో ఒక ముసలామె, పక్కన ఒక పిల్ల నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందునుంచే పావుగంట అటూ ఇటూ తిరిగాను.

"ఎవరి కోసం బాబూ?" అంది ముసలామె.

"రత్తమ్మని ఒకావిడ రావాలి."

"నేనేగా రత్తమ్మని!"

సీతాలు నన్ను ఎగాదిగా చూసింది. "ఎవరమ్మమ్మా ఈయన?"

"ఏమోనే. ఆఫీసరంట."

బస్సు దిగి ఆఫీసుకు చేరాం. అవతలి ఆఫీసరు సుందరమ్మగారు. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి ఫైలంతా చదివారు.

"నెలనెలా వెళ్ళి చూశారన్నమాట."

"తప్పకుండానండీ! కన్నబిడ్డలా చూసుకున్నాను!" పెళ్ళి కానివాణ్ణి, అయినా అనేశాను.

"కుడి మోచేతి మీద పుట్టుమచ్చ. ఏదీ, చెయ్యి చూపించమ్మా." లేదు. "ఎడమ చెవి కింద ఇంకోటి." అదీ లేదు. "ఏవండీ మచ్చలు?"

"ఎండకు వెలిసిపోయి ఉంటాయండీ."

"పుట్టుమచ్చలా, అద్దకం చీరా?"

"పెరిగే వయసు కదండీ, కాస్త పక్కకి జరిగాయేమో..."

ఆవిడ ఫైలు మూసేశారు. "కాగితంలో పిల్ల వేరు, ఈ పిల్ల వేరు. నేను తీసుకోను. వెనక్కి తీసుకెళ్ళండి."

వెనక్కి అంటే బాబాయి. ఆ సంగతి నాకంటే ముందు సీతాలుకు అర్థమైంది. రెండు చేతులతో అమ్మమ్మ కొంగు పట్టుకుని, "నేను పోను" అంది.

రత్తమ్మ లేచింది. "గుర్తులు కావాలా మీకు?" అంటూ పిల్ల గౌను భుజం దగ్గర పక్కకు లాగింది. వేలెడు వాత. "ఆ సచ్చినోడు అట్లకాడ కాల్చి పెట్టాడు. ఈ బాబు ఒక్కసారి మా గడప తొక్కితే కనపడేది. ఏనాడూ రాలా. ఇయ్యాలే మొగం చూడ్డం!"

సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది. చెమటలు పట్టి, చొక్కా చేతులు పైకి మడిచి, చెవుల మీది జుట్టు ఎత్తి మెడ తుడుచుకున్నాను. నా తెలివికి అదొక్కటే తక్కువైంది.

"అమ్మగారూ! మచ్చలు ఈయనకున్నాయి!" అని అరిచింది సీతాలు.

సుందరమ్మగారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. కుడి మోచేయి. ఎడమ చెవి కింద. అవునండీ, ఆ పుస్తకం బళ్ళో నా ఒంటి గుర్తులు రాసిచ్చిన నా సొంత ఎస్సెస్సెల్సీ పుస్తకమే.

"అయితే ఫైలు ప్రకారం కనిపెట్టుకుని ఉండాల్సిన పిల్ల మీరన్నమాట" అన్నారావిడ, నవ్వకుండా.

మచ్చలు కొట్టేసి, వాత సంగతి తన చేత్తోనే రాసి, నాచేత సంతకం పెట్టించి సీతాలును తీసుకున్నారు.

"మరి ఈయన్ని?" అంది సీతాలు.

"ఈయన్నీ తీసుకున్నానమ్మా. ఆరు నెలలు బాకీ ఉన్నాడు కదా, నెలనెలా వచ్చి నీకు కనపడతాడు. రాకపోతే పైకి రాస్తాను. రిపోర్టు నువ్వు చెప్పు, నేను రాసుకుంటాను."

ప్యాంటు కాళ్ళను పురికొసతో కట్టుకుని ఆరుసార్లు జిల్లా దాటాను. సీతాలు గుమ్మంలో చేతులు కట్టుకు నిలబడి నన్ను పైనుంచి కిందదాకా చూసేది. ఆఖరి నెల ఆ పిల్ల చెప్పి రాయించిన రిపోర్టు ఇది: "పిల్లవాడు ఆరోగ్యముగా ఉన్నాడు. చదువు పట్ల ఆసక్తి చూపుట లేదు. ఇంకో ఆరు నెలలు రావలెను."

కనుక మోచేతి మచ్చ సాక్షిగా, చెవి కింది మచ్చ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: కళ్ళారా చూడని పిల్ల గురించి ఒక్క అక్షరం రాయను. పెసరట్టు మాత్రం మానలేదు. వెళ్ళొచ్చాకే తింటున్నాను.