కృష్ణవేణి గారి పేజీ కింద నేను పెట్టిన విడ్జెట్

2019వ సంవత్సరం, ఎండలు ముదిరిన రోజులు. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక స్టేషనరీ హోల్‌సేల్ కొట్టు పైన, రెండో అంతస్తులో నాదొక చిన్న ఆఫీసు. వెబ్‌సైట్లు తయారుచేయడం, ఉన్నవాటిని చూసుకోవడం నా పని. లాడ్జీలు, బట్టల షాపులు, కోచింగ్ సెంటర్లు, ఇలాంటివే ఎక్కువ వస్తుంటాయి. పదిహేనేళ్లకు పైగా ఇదే పనిలో ఉన్నాను, చేసిన సైట్లలో సగం పేర్లు గుర్తు లేవు. గుణదల నుంచి వచ్చిన కృష్ణవేణి గారి బ్లాగు మాత్రం మరిచిపోలేదు. మరిచిపోకుండా ఉండటమే నాకు మంచిది కూడా.

కృష్ణవేణి గారు అంతకుముందు స్కూల్లో టీచరు. కొడుకు తేజకు పుట్టుకతోనే సరిగ్గా వినపడదు. ఆ సంగతి బయటపడేసరికి వాడికి రెండున్నరేళ్లు. ఉద్యోగం మానేసి, చెవికి మిషన్ పెట్టించి, ఇంట్లో కూర్చోబెట్టుకుని ఒక్కొక్క మాటా నేర్పించారావిడ. నేను చూసేనాటికి వాడు నాలుగో తరగతి. నా ఆఫీసులోకి వచ్చిన మొదటిరోజే "అంకుల్, మీ ఫ్యాన్ బాగా సౌండ్ చేస్తోంది" అన్నాడు. అది అక్షరాలా నిజం.

కొడుకుకు మాట నేర్పిన పద్ధతంతా ఆవిడ తెలుగులో బ్లాగుగా రాసేవారు. కూరగాయలు తరుగుతూ మాటలెలా చెప్పాలి, మిషన్ పీకేసుకుంటుంటే ఎలా మరిపించాలి, చుట్టాలు "మూగవాడా?" అని అడిగితే ఏం చెప్పాలి. చదువుతుంటే పక్కింటి అక్కయ్య గుమ్మంలో కూర్చుని చెబుతున్నట్టు ఉండేది. చదివేవాళ్లు మాత్రం రోజుకు ముప్పై నలభై మంది.

"ఇది ఇంకా చాలామందికి చేరాలి ప్రసాద్ గారూ" అన్నారు ఆవిడ. "డబ్బుల కోసం కాదండీ. మావాడి సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ పోయిన రోజులు మళ్లీ రావు. ఇంకో తల్లికి అలా కాకూడదు, అంతే."

నాకు అప్పట్లో అంకెల పిచ్చి. బ్లాగుకు వచ్చేవాళ్ల రాకపోకలను మా భాషలో ట్రాఫిక్ అంటాం. దాన్ని పెంచడానికి నా దగ్గర మందు సిద్ధంగా ఉంది, ట్రాఫిక్ పంచుకునే విడ్జెట్. విడ్జెట్ అంటే పేజీలో అతికించే చిన్న పెట్టె. ఒక కంపెనీ ఉచితంగా ఇచ్చే కోడ్‌ను మన బ్లాగులో పెడితే, మన పోస్టు కింద వేరేవాళ్ల పోస్టులు నాలుగు బొమ్మలతో సహా కనిపిస్తాయి. మన పాఠకుడు వాటిని నొక్కి అవతలికి వెళితే, దానికి బదులుగా వేరే బ్లాగుల కింద మన పోస్టు కనిపిస్తుంది. ఇచ్చిపుచ్చుకోవడం అన్నమాట.

"ఆ నాలుగూ ఎవరు ఎంచుతారండీ?" అని అడిగారావిడ.

ఆ ప్రశ్న అప్పుడే నా చెవికి ఎక్కాల్సింది. "అదే చూసుకుంటుందండీ. మీ పోస్టులో ఉన్న మాటల్ని బట్టి, వాటికి దగ్గరగా ఉన్నవి తెచ్చి పెడుతుంది. మనం వేలు పెట్టక్కర్లేదు" అన్నాను. చాలా గొప్పగా అన్నాను.

వారం తిరిగేసరికి రోజుకు ఐదారు వందల మంది. వచ్చినవాళ్లను లెక్కపెట్టే కౌంటర్ చూపిస్తే కృష్ణవేణి గారికి కళ్లనీళ్లు తిరిగాయి. "ఇంతమంది తల్లులున్నారా అండీ!" అన్నారు. వాళ్లు తల్లులో కాదో నాకు మాత్రం ఏం తెలుసు? బౌన్స్ రేట్ అని ఇంకో అంకె ఉంటుంది. వచ్చినవాళ్లలో ఎంతమంది ఆ ఒక్క పేజీ చూసి వెనక్కి వెళ్లిపోయారో చెబుతుంది. అది నాకు కనిపిస్తూనే ఉంది. కొత్తగా వచ్చినవాళ్లలో చాలామంది సినిమా కబుర్ల సైట్ల నుంచి దారితప్పి వచ్చినవాళ్లే, పది సెకన్లు కూడా నిలవడం లేదు. ఆవిడ ఆనందం చూశాక ఆ సంగతి చెప్పబుద్ధి కాలేదు. చెబితే నా గొప్ప కూడా తగ్గేది, అదీ ఉంది.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం కృష్ణవేణి గారు ఫోన్ అయినా చేయకుండా మెట్లెక్కి వచ్చారు. వెంట పాతికేళ్ల అమ్మాయి, ఆ అమ్మాయి చంకలో రెండేళ్ల పిల్లవాడు. ఎడమ చెవిలో దూది. ఏడ్చి ఏడ్చి అలిసిపోయి తల్లి భుజం మీద పడుకున్నాడు.

"ఈ అమ్మాయి పేరు దుర్గ. గన్నవరం దగ్గర పల్లెటూరు. వీడికీ మావాడిలాగే పుట్టుకతో వినపడదు. బ్లాగు మొదట్నుంచీ చదువుతుంది" అన్నారు కృష్ణవేణి గారు. "చెవుల డాక్టరు దగ్గర్నుంచి ఇటే వస్తున్నాం. దుర్గా, నాకు చూపించింది ఈయనకి కూడా చూపించమ్మా."

దుర్గ బెరుకుగా ఫోన్ నా చేతికిచ్చింది.

ఏం జరిగిందో చెప్పాలంటే ముందు మా వైపు అలవాటు ఒకటి చెప్పాలి. పసిపిల్లలకు తలంటిన రోజున కాచిన నూనె రెండు చుక్కలు చెవిలో వేస్తారు. మా అమ్మ నాకూ వేసింది. వేయొద్దని డాక్టర్లు మొత్తుకుంటారు. కృష్ణవేణి గారు దాని మీదే ఒక పోస్టు రాశారు, 'పిల్లల చెవిలో నూనె వేయకండి' అని. బ్లాగులో ఎక్కువమంది చదివింది అదే. దుర్గ కూడా అది చదివే, అత్తగారితో మాటామాటా పెంచుకుని మరీ ఇంట్లో ఆ అలవాటు మాన్పించింది.

ఫోన్‌లో ఆ పోస్టే ఉంది. వేలితో కిందికి జరిపాను. చివరి వాక్యం, దాని కింద కృష్ణవేణి గారి పేరు, ఆ కింద నా విడ్జెట్. మొదటి బొమ్మలో ఒక సీసా. 'చెవిలో ఈ నూనె వేస్తే పుట్టు చెవుడైనా పోతుంది.' పోస్టులో చెవి ఉంది, నూనె ఉంది, పిల్లలున్నారు. విడ్జెట్ ఆ మాటలన్నీ ఏరుకుని వాటికి దగ్గరగా ఉన్నదాన్ని తెచ్చి పెట్టింది. వేయకండి అన్న ఒక్క మాట దానికి పట్టలేదు.

"మిగతా నూనెలన్నీ వద్దన్నా, ఇదొక్కటీ మంచిదేమో అనుకున్నానండీ" అంది దుర్గ. "అక్క పేజీలోనే ఉంది కదా. అక్కే చెప్పిందనుకున్నా."

నేను ఫోన్ తిరిగి ఆ అమ్మాయి చేతికిచ్చాను.

"అత్తయ్య వేస్తానంటే గొడవపడి మాన్పించాను. ఆఖరికి ఆ సీసా తెప్పించి నేనే వేశాను నా చేత్తో. వారం రోజులేశాను." అంతవరకే చెప్పింది. ఆ తర్వాత పిల్లవాడి వీపులో ముఖం దాచుకుంది.

చెవి లోపల వాచి, చీము పట్టిందట. చెవి పాడవలేదు, మందులతో తగ్గుతుందన్నారట. కానీ తగ్గేవరకు మిషన్ పెట్టకూడదు. వాడికి మిషన్ ఉన్నది ఆ ఒక్క చెవికే, అదీ పెట్టి అప్పటికి రెండు నెలలే. ఇప్పుడిప్పుడే చప్పుళ్లకు ఉలిక్కిపడటం మొదలైంది. అది మళ్లీ ఆగిపోయింది. పోయిన రోజులు తిరిగి రావని కృష్ణవేణి గారు నాతో అన్న మాట అక్కడ ముగ్గురి మధ్యా ఉంది, ఎవరూ పైకి అనలేదు.

విడ్జెట్ తీసేయడానికి రెండు నిమిషాలు పట్టింది.

"తప్పు నాదండీ" అన్నాను. "విడ్జెట్ పెట్టింది నేనని బ్లాగులో రాయండి, నా పేరు కూడా వేయండి. వచ్చేవాళ్లు నిలవడం లేదని నాకు ముందే తెలుసు. మీకు చెప్పలేదు."

కృష్ణవేణి గారు నన్ను తిడతారేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది. పిల్లవాడి కాలు నిమిరారు. "మీరు నాకోసమే పెట్టారు ప్రసాద్ గారూ. ఆ అంకె చూసి మురిసింది కూడా నేనే. ఒక్కరోజైనా ఆ బొమ్మలు నొక్కి చూశానా? పేజీ నాది కదండీ, నేనే రాసుకుంటాను" అన్నారు. ఆ రాత్రే బ్లాగులో క్షమాపణ రాశారు. నా పేరు వేయలేదు.

ఇప్పటికీ బ్లాగులు రాసేవాళ్లు ఆఫీసుకు వచ్చి "అలాంటి విడ్జెట్ పెట్టిస్తే లాభమేనా అండీ?" అని అడుగుతుంటారు. నేను వద్దని తోలేయను. నాలుగు నవ్వులు నవ్వించే కబుర్ల బ్లాగైతే పెట్టుకోవచ్చు, ఎవరు వచ్చినా ఎవరు పోయినా ఎవరికీ నష్టం లేదు. నమ్మి చదివేవాళ్లున్న బ్లాగైతే మాత్రం ఆ పెట్టెలో ఏం కనపడాలో మీరే ఎంచుకోండని చెబుతాను. కృష్ణవేణి గారు అదే చేశారు. విడ్జెట్ ఉన్నచోట ఇద్దరు తల్లుల బ్లాగుల లింకులు పెట్టారు, ఆసాంతం చదివి, ఫోన్ చేసి మాట్లాడాక. ఆ ఇద్దరూ ఈవిడ లింకు పెట్టుకున్నారు. అక్కడి నుంచి రోజుకు ఇద్దరో ముగ్గురో వస్తారు. వచ్చినవాళ్లు పాత పోస్టులన్నీ చదివి గాని వెళ్లరు. పాఠకుడికి మన మాటా మన పేజీలో కనిపించే మాటా ఒకటే. నేను ఈ పనిలో నేర్చుకున్న వాటిలో ఇంతకన్నా పెద్దది లేదు, అది నాకు నేర్పడానికి ఒక పసివాడి చెవి నొప్పెట్టాల్సి వచ్చింది.

విడ్జెట్ తీసిన మర్నాటి నుంచే ట్రాఫిక్ పడిపోయింది. నెల తర్వాత ఒకరోజు, అలవాటు కొద్దీ కృష్ణవేణి గారి కౌంటర్ తెరిచాను. ముప్పై ఆరు. మనసు చివుక్కుమంది. ఆవిడ క్షమాపణ రాసిన పోస్టు కింద కొత్త కామెంట్ ఒకటి కనిపించింది.

'అక్కా, బాబుకి చెవి తగ్గిపోయింది. సోమవారం నుంచి మిషన్ పెడుతున్నాం. ఇవాళ కుక్కర్ విజిల్ వేస్తే వంటింటి వైపు తల తిప్పాడు. అత్తయ్య కూడా చూసింది. మీకే ముందు చెబుదామని రాస్తున్నా. దుర్గ.'

మళ్లీ కౌంటర్ వైపు చూశాను. ముప్పై ఆరు మందిలో ఒకరు ఆ అమ్మాయి.