చావుకొచ్చిన మెంబరు

నెస్టా నోటికి జడిసి ఔకీ పట్నం సంతలో ఆమె దగ్గర వక్కలు బేరమాడేవాళ్ళు తక్కువ. ఇరవై ఏళ్ళు వక్కా సున్నం అమ్మి ఇద్దరాడపిల్లల్ని చదివించింది. మొగుడు జెమూయెల్ చేపలు పట్టేవాడు, మెత్తని మనిషి. పోలింగుకి రెండు రోజులుందనగా నెత్తురు కక్కుకుని పోయాడు.

మర్నాడు సమాధి చెయ్యాలి. పోలింగు ముందురోజు గనక ప్రచారం బంద్. మైకులు మూగపోయాయి, జెండాలు దించేశారు. బ్యాలెట్ పెట్టెతో వచ్చిన కానిస్టేబులు బడి దగ్గర కాపలా ఉన్నాడు. సరిగ్గా ఆ రోజే పార్లమెంటు మెంబరు మేఫాసియా మోటారు పడవలో దిగాడు, పది బస్తాల బియ్యం, ఓ పంది వెంటబెట్టుకుని. ముఖాన నక్క వినయం. ఆ పడవ మాత్రం ఎవడబ్బ సొమ్ము? ఊళ్ళ కోసమని సర్కారు డబ్బుతో కొన్నదే.

మా దీవిలో చావింటికి బియ్యం తెచ్చినవాడు శవం పక్కన నిలబడి నాలుగు మాటలు చెబుతాడు. చెప్పనిచ్చి, ఆ బియ్యం తిన్నారంటే వంశమంతా అతనికి కట్టుబడ్డట్టే. రేపు ఆ కట్టుబాటు ఓటుతో తీరుతుందని పసిపిల్లలకు కూడా తెలుసు. మొగుడి శవాన్ని వీడి మీటింగు కానివ్వకూడదు, అదొక్కటే నెస్టా పంతం.

"పడవెక్కించి పంపెయ్ సెల్విన్," అంది మరిదితో.

"తప్పు వదినా. చావుకొచ్చినోణ్ణి పొమ్మంటే ఊరు ఉమ్మేస్తుంది. ఇంతమందికి ఏం పెడతావ్?"

"చామదుంపలు ఉడకేస్తా. తినేవాళ్ళు తింటారు, లేకపోతే పస్తుంటారు."

కానిస్టేబులుకి కబురెట్టింది. అతనొచ్చి బుర్ర గోక్కున్నాడు. "ఏడవడానికి నిషేధం లేదక్కా. ఓటు మాటెత్తితేనే నేను ఆపగలిగేది."

మేఫాసియా అప్పటికే శవం తలదిక్కున చేరాడు. "జెమూయెల్ నా కుడిభుజం!" అన్నాడు. చచ్చినవాడి కళ్ళు చారెడు మరి! బతికుండగా ఈ పెద్దమనిషికి జెమూయెల్ పేరైనా తెలీదు. ముసలాళ్ళు కళ్ళొత్తుకున్నారు. నెస్టా పళ్ళబిగువున కూర్చుంది.

పాడలవాటు ఎక్కడికి పోతుంది? "ఇలాంటి చావు ఇంకోటి జరగనివ్వను. ఈసారి కూడా గెలిపిస్తే ఇక్కడే ఆస్పత్రి..."

"సార్, ఆపండి! ఇవాళ కుదరదు," అన్నాడు కానిస్టేబులు.

మేఫాసియా నోరు మూసుకున్నాడు. ఏం చెయ్యను, చట్టం కట్టేసింది అన్నట్టు చేతులు చాచాడు.

నెస్టా లేచింది. "నిన్న పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా పక్కూళ్ళో నీ గుమ్మంలో నిలబడ్డాను. మా ఆయన నెత్తురు కక్కుతున్నాడు, పడవియ్యి బాబూ, ఔకీ ఆస్పత్రికి తీసుకెళ్తానని మొత్తుకున్నాను. నువ్వు వరండాలో వక్క నములుతూ ఔననలేదు, కాదనలేదు. నిన్న ఏ చట్టం మూసిందిరా నీ నోరు?"

పది బస్తాలూ, పందినీ సెల్వినే మోసుకెళ్ళి పడవలో పడేశాడు.