సర్రీలో భార్యను, హామిల్టన్‌లో కాను

ఆయన పోయిన మూడు వారాలకు కాగితాలు వెతకడం మొదలుపెట్టాను. వీలునామా ఉందా అని బ్యాంకులో అడిగారు. లేదు. యాభై రెండేళ్ల మనిషి పొద్దున షిఫ్టుకు బూట్లు వేసుకుంటూ అలాగే ఒరిగిపోతాడని మేమెప్పుడూ అనుకోలేదు.

మేమిద్దరం పదకొండేళ్లు కలిసి బతికాం. మొదటి నాలుగేళ్లు దేశానికి పడమటి కొసన ఉన్న సర్రీలో, అద్దెకు తీసుకున్న బేస్‌మెంట్‌లో. తర్వాత ఆయనకు హామిల్టన్‌లో స్టీలు ఫ్యాక్టరీలో ఉద్యోగం వస్తే ఇటు వచ్చేశాం. నాకు ఇక్కడి ఆసుపత్రి ల్యాబులో పని దొరికింది. ఇల్లు కొన్నప్పటికి నాది ఇంకా పర్మనెంట్ కాలేదు. లోన్ ఆయన జీతం మీదే వచ్చింది కాబట్టి ఇల్లూ ఆయన పేరు మీదే ఉండిపోయింది. కింద గదిలో ఫ్లోరింగ్ మాత్రం ఇద్దరం మోకాళ్ల మీద కూర్చుని, ఫోన్లో వీడియోలు చూస్తూ వేశాం. ఒక మూల వంకర వచ్చింది. దాని మీద సోఫా జరిపి పెట్టాం.

పెళ్లికి మేము వ్యతిరేకులమేమీ కాదు. నాకు గుంటూరులో ఒకసారి పెళ్లయింది, విడాకులూ అయ్యాయి. హామిల్టన్‌కు వచ్చిన రెండో ఏడు ఇద్దరం సెలవు పెట్టి, నేను పట్టుచీర కట్టుకుని, మ్యారేజ్ లైసెన్స్ కోసం సిటీ హాలుకు వెళ్లాం. కౌంటర్లో ఉన్న అమ్మాయి నా కాగితాలు తిప్పి చూసింది. విడాకులు వేరే దేశంలో అయ్యాయి గనుక కోర్టు ముద్ర ఉన్న కాపీ, ఇక్కడి లాయరు రాసిన ఉత్తరం జతచేసి ప్రావిన్సుకు, అంటే ఇక్కడి రాష్ట్ర ప్రభుత్వానికి, పంపాలని, అక్కడినుంచి అనుమతి వస్తేనే లైసెన్స్ ఇస్తామని చెప్పింది. నా దగ్గర ఉన్నది జిరాక్సు. అసలు కాపీ కోసం గుంటూరులో తెలిసినవాళ్లు రెండుసార్లు కోర్టుకు వెళ్లారు. పాత ఫైలు కనబడటం లేదన్నారట. ఆ తర్వాత కోవిడ్ వచ్చి కోర్టులు మూతపడ్డాయి. తెరిచేనాటికి మేమే ఆ సంగతి పక్కన పెట్టేశాం. ట్యాక్స్ ఫారంలో ఏటా కామన్-లా, అంటే పెళ్లి కాకుండా కాపురం చేస్తున్న జంట, అని టిక్ పెట్టేవాళ్లం. ఆయన ఒరిగిపోయాక కొన్ని రోజులు ఐసీయూలో ఉంచారు; మెషీన్ ఆపే ముందు డాక్టరు అడిగింది నన్నే. ఆ కాగితం మీద సంతకం నాదే. అప్పుడెవరూ లైసెన్స్ చూపించమనలేదు.

లాయరు ఆఫీసు ఒక దంతవైద్యుడి క్లినిక్ పైన ఉంది. ఆవిడకు నా వయసే ఉంటుంది. నేను చెప్పింది ఓపికగా విని, నిదానంగా వివరించింది. మేముండే ఒంటారియో ప్రావిన్సులో వీలునామా లేకుండా పోయినవారి ఆస్తి ముందు భార్యకు వెళుతుంది. ఆ చట్టంలో భార్య అంటే పెళ్లయిన భార్యే. ఆయనకు పిల్లలు లేరు, తల్లిదండ్రులు ముందే పోయారు. ఇక మిగిలింది తమ్ముడు, ఆస్తంతా అతనికే.

"ఆ తమ్ముడు ఎక్కడుంటారు?" అని అడిగింది.

"సర్రీలో."

ఆవిడ రాయడం ఆపింది. "మీ ఇల్లు కూడా అక్కడే ఉండి ఉంటే మీరు నా దగ్గరికి రావలసిన పని లేదు. అది వేరే ప్రావిన్సు; అక్కడ రెండేళ్లు కలిసి కాపురం చేస్తే చాలు, మీరే వారసురాలు."

ఇక్కడ కూడా ఆయన వదిలిన ఆస్తి వ్యవహారాలు నడిపే అధికారానికి నేను అప్లై చేయవచ్చట. అంటే ఏమిటని అడిగితే, ఇల్లు అమ్మి పంచిపెట్టే పని నేను చేయవచ్చు, నాకు మాత్రం వాటా ఉండదు అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను. ఆవిడ టిష్యూల డబ్బా నా వైపు జరిపింది.

ఈ చట్టం తప్పని ఎవరూ కోర్టులో అడగలేదా అన్నాను. పెళ్లికాని జంటలను వేరుగా చూడటం గురించి పెద్ద కోర్టు దాకా వెళ్లినవాళ్లు ఉన్నారట. పెళ్లి చేసుకోకపోవడం ఆ ఇద్దరి నిర్ణయం, దాన్ని గౌరవించాలన్న ధోరణిలోనే తీర్పులు వచ్చాయట.

"మేము నిర్ణయించుకోలేదండీ," అన్నాను. "కాపీ దొరకలేదు."

ఆవిడ ఆ మాట కూడా రాసుకుంది.

తర్వాత దారులు చెప్పింది. ఆయన మీద ఆధారపడ్డానని ఆయన ఆస్తి నుంచి పోషణ ఖర్చు కోరవచ్చు; కలిసి కట్టుకున్న సంసారం కాబట్టి ఇంట్లో భాగం ఇమ్మని అడగవచ్చు, అందుకు అనుకూలమైన తీర్పులు కూడా ఉన్నాయి. కానీ కొద్ది నెలల్లోనే కేసు వేయాలి, అన్నీ రుజువు చేయాలి, ఎన్నేళ్లు పడుతుందో చెప్పలేను అంది.

ఆ రుజువులు పోగుచేయడం కంటే ఆసుపత్రిలో గడిపిన రోజులే నయమనిపించింది. ఒకే అడ్రసుతో ఇద్దరికీ వచ్చిన ఉత్తరాలు, ప్రయాణాల టికెట్లు, కింద గదిలో సుత్తి పట్టుకుని ఆయన తీసిన నా ఫోటో. పక్కింటావిడ, మేము భార్యాభర్తల్లా ఉండేవాళ్లమని ప్రమాణపత్రం రాసిచ్చింది. 'భార్యాభర్తల్లా'లోని ఆ 'లా' దగ్గర నా కళ్లు ఆగిపోయాయి.

మరిది చెడ్డవాడేం కాదు. అంత్యక్రియలకు మొదటి ఫ్లైటుకే వచ్చాడు. కేసు సంగతి తెలిశాక ఫోన్ చేశాడు.

"వదినా, నీతోని కొట్లాడాలని నాకు లేదు. గానీ నాకు ఇద్దరు పిల్లలున్నరు. రూల్ ప్రకారం వచ్చేదాన్ని ఒద్దని ఎట్లంట, చెప్పు?"

పది నిమిషాల మాటల్లో వదినా అని ఎన్నిసార్లు పిలిచాడో. మరుసటి వారం అతని లాయరు పంపిన ఉత్తరంలో మాత్రం నేను, మృతుడి భాగస్వామినని చెప్పుకుంటున్న వ్యక్తిని.

చివరికి ఒక గురువారం, వీడియో కాల్‌లో, స్క్రీను మీద నాలుగు ముఖాల మధ్య రాజీ కుదిరింది. కేసు నడిపితే ఇంకా ఎక్కువ రావచ్చు, ఏమీ రాకపోనూవచ్చు అంది మా లాయరు. నాకు ఓపిక అయిపోయింది. ఇల్లు అమ్మారు. నాకు కొంత భాగం ఇచ్చారు. ఎప్పుడు ఖాళీ చేస్తారని ఏజెంటు అడిగితే నెలాఖరుకు అన్నాను. ఆసుపత్రికి దగ్గరగా, ఏడో అంతస్తులో ఒక పడకగది అపార్టుమెంటు అద్దెకు తీసుకున్నాను.

ఏడాది నిండుతుండగా మరిది మళ్లీ ఫోన్ చేశాడు. వెనకాల పిల్లలు ఇంగ్లీషులో ఏదో పోట్లాడుకుంటున్నారు.

"వదినా, అన్న తిథి ఏ రోజు వస్తది? నాకు సరిగ్గ తెల్వదు. ఇక్కడ గుళ్లె పంతులును అడగాలె."

క్యాలెండరు చూసి చెప్పాను. ఆ రోజుకు సర్రీకి రమ్మని పిలిచాడు. ఆ రోజు డ్యూటీ ఉందన్నాను. నిజంగానే ఉంది.