మా ఇంటిల్లిపాదీ సినిమాకు సెలెక్టయిన వైనం

ఆ రోజుల్లో ఎండ లేని చోట కూడా నల్లకళ్ళద్దాలు పెట్టుకుని తిరిగే మనిషి కనిపిస్తే, ఆయనకు సినిమాతో ఏదో ఒక సంబంధం ఉండి తీరుతుందని మా సూర్యాపేటలో అందరం నమ్మేవాళ్ళం. మా వాడకట్టు మొత్తానికి టీవీ ఒక్కరింట్లోనే ఉండేది. సినిమావాళ్ళు హైదరాబాదు నుంచి విజయవాడకు పోతూ మా ఊళ్ళో ఆగి టీ తాగారని వినడమే తప్ప కళ్ళారా చూసినవాళ్ళు తక్కువ. (చూశామని చెప్పేవాళ్ళు మాత్రం చాలామందే ఉండేవారు, ఒక్కొక్కరు ఒక్కో హోటలు పేరు చెప్పేవారు.) ఇప్పటి పిల్లలు ఫోనులో వేలు ఆడించి ఎవరు అసలో ఎవరు నకిలీయో తేల్చుకుంటున్నారు. మాకు అలాంటి వసతి లేదు. కళ్ళద్దాలు నల్లగా ఉన్నాయా లేదా అన్నదే మాకున్న ఒకే ఒక్క పరీక్ష.

ఆ పరీక్షలో పూర్తి మార్కులతో నెగ్గిన గాగుల్స్ సారు నేను ఐదో తరగతిలో ఉండగా మా ఊరికి వచ్చాడు. అసలు పేరు బోర్డు మీద ఉండేది గానీ ఎవరూ ఆ పేరుతో పిలిచిన గుర్తు లేదు. బట్టల దుకాణం పైన ఒక గది కిరాయికి తీసుకుని, బాలనటుల శిక్షణాలయం అని పెద్ద అక్షరాలతో రాయించి, రిక్షాకు మైకు కట్టి ఊరంతా తిప్పాడు. పెద్ద పెద్ద దర్శకులు మంచి పిల్లలు దొరక్క మద్రాసులో షూటింగులు ఆపుకుని కూర్చున్నారని, ఆ పిల్లలు మా ఊళ్ళోనే ఉన్నట్టు తనకు సమాచారం అందిందని ఆ మైకు చెప్పింది. నా అనుమానం, ఆ పిల్లలు అన్న మాట వినగానే మా నాయనమ్మకు నేనే గుర్తొచ్చి ఉంటాను. ఎందుకంటే ఏడుపులో నాకు అప్పటికే వాడకట్టంతా పేరుంది. నల్లా తిప్పినట్టు ఏడుస్తానని, మళ్ళీ కట్టేసినట్టు ఆపుతానని చెప్పుకునేవారు. ఇంట్లో అందరూ రోగమనుకున్నదాన్ని నాయనమ్మ ఒక్కతే కళ అనుకుంది.

ఆమె నన్ను తీసుకెళ్ళిన రోజున సారు నా గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ తర్వాత చాలాసేపు కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆఖరుకు మా వైపు తిరిగి, "ఈ కళ్ళు మామూలు తెరకు సరిపోవమ్మా. వీటికి డెబ్బై ఎం.ఎం. కావాలి" అన్నాడు. అదేమిటో మా ఇద్దరికీ తెలియదు. కానీ దారిలో కనిపించిన ప్రతి మనిషినీ ఆపి నాయనమ్మ ఆ మాట చెప్పింది. ఇల్లు చేరేసరికి ఎం.ఎం.లు నూరు దాటాయి.

ఇక శిక్షణ. సాయంత్రం బడి కాగానే పిల్లలమంతా ఆ గదిలో చాప మీద కూర్చునేవాళ్ళం. ట్యూబులైటును రెప్ప వేయకుండా చూడటం ఒక పాఠం. గోడను చూసి నవ్వడం ఇంకో పాఠం. ఏడుపు పాఠానికి తలనొప్పి మందు కళ్ళ కింద రాసేవాడు. (నాకు రాయలేదు. "దీనికి మందు ఖర్చు లేదు" అని అందరి ముందు మెచ్చుకున్నాడు.) బట్టల దుకాణం ఆయన చిన్నకొడుకు వచ్చిన రోజు నుంచీ గోడకు ఆనుకుని నిద్రపోయేవాడు. నిద్రపోయే సీను ఇంత సహజంగా చేసేవాళ్ళు ఇండస్ట్రీలో లేరని సారు వాడిని కూడా సెలెక్టు చేశాడు. నాకిచ్చిన డైలాగు "అమ్మా, నన్ను ఒంటరిగా వదిలి వెళ్ళకమ్మా". నేను దాన్ని పగలనక రాత్రనక సాధన చేశాను. అమ్మ కూరగాయలకు బయలుదేరితే గడప మీద కూలబడి ఆ డైలాగు అందుకునేదాన్ని. పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చి పిల్లను ఎందుకు కొట్టావని అమ్మను నిలదీసేవారు.

సారు డబ్బు కట్టించుకుని ఒక్కొక్కరికీ తనే ఫోటోలు తీసి ఆల్బం చేయడం అయ్యాక అసలు కబురు బయటికొచ్చింది. సెలెక్టయిన పిల్లలను సారే స్వయంగా మద్రాసు తీసుకుపోతాడట. అప్పుడు మా అమ్మకు మొదటిసారి అనుమానం పుట్టింది. "ఎవ్వలు పోయినా మంచిగున్నవంటున్నడు. నీకు రాదని ఎవ్వలకన్న చెప్పిండా ఇప్పటిదాంక?" అని అడిగింది.  సరే, మనిషి ఎలాంటివాడో విచారించి వస్తానని ముందు నాయనమ్మ బయలుదేరింది. మనిషి మాట వింటే చాలు, లోపల ఏముందో తనకు తెలిసిపోతుందని ఆమె ధీమా. పోయిన మనిషి చాలాసేపటికి తిరిగొచ్చింది. ఏమైందని అడిగితే ట్రంకుపెట్టె తాళంచెవి వెతుక్కుంది. మర్నాడు పొద్దున్నే ట్రంకుపెట్టెలోంచి తన పాత పట్టుచీర తీసి ఎండలో ఆరేస్తుంటే అమ్మ గట్టిగా అడిగింది. తన మొహంలో జమీందారు తల్లి కళ ఉందని సారు చెప్పాడట. వెతుకుతున్న పాత్ర అదేనట.

తర్వాత మా నాయన వంతు. ఆయన బస్సు కండక్టరు. "టికెట్ తియ్యనోడు ఏ సీట్ల కూసున్నా మొఖం సూసి పడ్త. గీయన నాకొక లెక్కనా?" అని యూనిఫాంలోనే పోయాడు. ఆయన వెళ్ళేటప్పుడు కోపంగా వెళ్ళాడు, వచ్చేటప్పుడు అద్దం ముందు ఆగి మీసం దువ్వుకున్నాడు. ఆ నిలబడే తీరు ఇన్‌స్పెక్టరు వేషానికి పుట్టినట్టుందని, యూనిఫాం రంగు మారితే చాలని సారు అన్నాడట. ఆ రోజు నుంచి మా నాయన అన్నం పెట్టమని అడగడంలో కూడా ఒక దర్జా వచ్చింది.

చివరికి అమ్మే వెళ్ళింది, నన్ను వెంటబెట్టుకుని. ఆమె సారును పొగడనివ్వలేదు. క్లాసు జరిగేటప్పుడు తాను ఒక మూల కూర్చుంటానంది. తల్లి ఎదురుగా ఉంటే పిల్లల మొహంలో భావం పలకదని సారు చెప్పాడు. మద్రాసుకు తానూ వస్తానంది. స్టూడియోల్లోకి తల్లులను రానివ్వరన్నాడు. ఏ స్టూడియో, ఎవరింట్లో దిగుతారు అని అడిగింది. అది రహస్యమన్నాడు. అమ్మ లేచి నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. ఇంటికొచ్చి, "పిల్ల ఎటూ పోదు. తల్లిని రావద్దనెటోని ఎనుక పిల్లను ఎట్ల తోలుత?" అంది.

ఇల్లంతా ఆమె మీద విరుచుకుపడింది. నేను నిద్రలేచింది మొదలు ఏడ్చాను, ఈసారి నల్లా కట్టేయలేదు. నాయన ఇన్‌స్పెక్టరులా చేతులు వెనక్కి కట్టుకుని, పిల్ల భవిష్యత్తు పాడుచేయొద్దని హెచ్చరించాడు. తనకు వేషం ఇవ్వలేదని కోడలు కుళ్ళుకుంటోందని నాయనమ్మ వాడలో చెప్పుకుంది. (సారు నాకు వినపడకుండా తనను కూడా హీరో వదిన వేషానికి అడిగాడని అమ్మ మాతో చెప్పింది చాలా ఏళ్ళ తర్వాత. మెట్లు దిగి ఇల్లు చేరేదాకా ఆమెకు కూడా కొంచెం ఆశ ఉందట. వాకిట్లో తడిబట్టలు చూడగానే పోయిందట.)

ఇంట్లో ఇలా పొయ్యి మీద పాలు పొంగినట్టు ఉన్న రోజుల్లో, మిర్యాలగూడ నుంచి మా మామ దిగాడు. అమ్మకు అన్న, అక్కడ రైస్‌మిల్లులో పని. చేతిలో మిఠాయి పొట్లం ఉంది గానీ మొహంలో నవ్వు లేదు. మంచినీళ్ళు కూడా ముట్టకుండా మంచం మీద కూర్చున్నాడు.

"నా మేనకోడలు సినిమాల చేస్తున్నదని నాకు ఊరోళ్ళు చెప్పాల్నా చెల్లె? గంత కానోణ్ణయిన్నా?" అన్నాడు.

మాకేమీ అర్థం కాలేదు. నెమ్మదిగా బయటపడింది. మిర్యాలగూడ స్టేషను దగ్గర కూడా ఒక గది, అదే బోర్డు, అవే నల్లకళ్ళద్దాలు. అక్కడి గోడ మీద నా ఫోటో పెద్దది చేసి పెట్టాడట. సూర్యాపేట అమ్మాయి, తన దగ్గరే తయారైంది, ఇప్పుడు మద్రాసులో తీరిక లేకుండా షూటింగుల్లో ఉంది అని అందరికీ చూపిస్తున్నాడట. ఆ తీరిక లేని నటి ఆ సమయంలో తలకు నూనె కారుతూ ఎక్కాలు రాసుకుంటోంది. మరి మద్రాసులో షూటింగుల్లో ఉన్నాడని సారు ఇక్కడి గదిలో మాకు ఫోటో చూపించిన ఉంగరాల జుట్టు బాలనటుడో? నేను వర్ణించి చెబితే మామ నోరు తెరిచాడు. వాడు మామ పనిచేసే మిల్లు వెనకే ఉంటాడట. పొద్దున వడ్ల బస్తాల మీద ఎక్కి ఆడుతుంటే మామే కోప్పడి దింపాడట.

నాయన మీసం దువ్వుకోవడం ఆ క్షణంలో మానేశాడు. సారు ఉండేది కోదాడలో అని, రోజూ ఆఖరు బస్సుకు పోతాడని తోటి కండక్టర్ల ద్వారా తెలుసుకుని ఆదివారం బయలుదేరాడు. నన్ను కూడా తీసుకెళ్ళమని అమ్మే చెప్పింది. కళ్ళారా చూస్తే తప్ప నా ఏడుపు ఆగదని ఆమెకు తెలుసు.

కోదాడలో ఆ ఇల్లు చిన్న పెంకుటిల్లు. సారు బజారుకు వెళ్ళాడని ఆయన భార్య చెప్పి, మా నాయనకు కుర్చీ వేసి టీ ఇచ్చింది. పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసే మనిషని, ఈ మధ్య ఆ పని తగ్గిందని ఆమె మాటల్లోనే తెలిసింది. వాళ్ళకు నా ఈడు కూతురుంది. పొడుగు జడ, కొంచెం ఎత్తు పళ్ళు. మీ నాన్న దగ్గర నటన నేర్చుకుంటున్నానని నేను గొప్పగా చెప్పి, వద్దంటున్నా వినకుండా నా డైలాగు మొత్తం ఏడుపుతో సహా చేసి చూపించాను. ఆ అమ్మాయి నవ్వలేదు.

"బాగానే చేశావు గానీ, అంత గట్టిగా ఎందుకేడ్చావు? అమ్మ వెళ్ళిపోతుంటే గొంతు రాదు కదా" అంది.

తర్వాత తనే చేసింది. తండ్రి ఇంట్లో ఆ డైలాగులు పైకి చదువుకుంటుంటే పక్కగదిలోంచి విని నేర్చుకుందట. స్తంభం పట్టుకుని నిలబడి, కన్నీటి చుక్క లేకుండా, అదే మాట మెల్లగా, పక్కనున్నవాళ్ళతో చెప్పినట్టు చెప్పింది. మా నాయన టీ గ్లాసు చేతిలో అలాగే పట్టుకుని ఉండిపోయాడు. నాకు ఎందుకో వెంటనే మా అమ్మ దగ్గరికి పోవాలనిపించింది.

అప్పుడే సారు వచ్చాడు. లుంగీ, కూరగాయల సంచి. కళ్ళద్దాలు లేవు. వాటి వెనక ఇంత చిన్న, అలసిన కళ్ళుంటాయని నేను ఎన్నడూ అనుకోలేదు. మమ్మల్ని చూసి సంచి కింద పెట్టడం కూడా మరిచిపోయాడు. బస్సులో వచ్చేటప్పుడు నాయన అనదలచుకున్న మాటలన్నీ నేను విన్నాను. ఆ అమ్మాయి ఎదురుగా నిలబడి ఉండటం వల్లనేమో, ఆయన వాటిలో ఒక్కటీ అనలేదు.

"సారూ, మీ బిడ్డ మస్తు చేస్తది. ముందుగాల ఈమెను తోలుండ్రి మద్రాసుకు. మా పిల్ల ఎనుక వస్తది" అన్నాడు.

సారు ఆలోచించకుండానే, "ఆడపిల్లను ఒంటరిగా ఎట్లా పంపుతామండీ? అక్కడ ఎవరిని నమ్మేది?" అన్నాడు.

ఆ మాట నోటి నుంచి వచ్చాక గానీ తాను ఏమన్నాడో ఆయనకు తెలిసినట్టు లేదు.  ఆయన భార్య తల వంచుకుని లోపలికి వెళ్ళింది. కాసేపటికి సారు కూడా లోపలికి వెళ్ళి, నా ఫోటోలన్నీ ఒక కవరులో పెట్టి తెచ్చి నాయన చేతికిచ్చాడు. మిర్యాలగూడ గోడ మీదది కూడా రేపే తీసేస్తానన్నాడు. తీసేశాడని మామ తర్వాత చెప్పాడు. నెల తిరక్కుండా బట్టల దుకాణం మీద బోర్డు కూడా పోయింది. ఫోటోలు మాత్రం ఇప్పటికీ నా దగ్గరున్నాయి. చెప్పుకోవాలి, అంత మంచి ఫోటోలు మళ్ళీ నాకెవరూ తీయలేదు, నా పెళ్ళిలో తీసినవాడు కూడా.

తిరుగు బస్సులో నేను ఏడవలేదు. కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు ఆలోచించి, నాయనను ఒకటే అడిగాను. సారు చెప్పినవన్నీ అబద్ధాలైతే నా కళ్ళ గురించి చెప్పింది కూడా అబద్ధమేనా అని. ఆయన నా మొహం కేసి చూసి, "కండ్లు పెద్దయే బిడ్డా. గది ఎవ్వడు చెప్పినా నిజమే" అన్నాడు. ఇంటికి వచ్చాక పట్టుచీర మళ్ళీ ట్రంకుపెట్టెలోకి పోయింది. ఆ రాత్రి నాయనమ్మ అమ్మకు అన్నం తనే వడ్డించింది.

ఇప్పుడు మా చుట్టాల్లో ఎవరి పిల్లలకు నటన స్కూలనీ ఆడిషననీ పిలుపొచ్చినా నాకే ఫోన్ చేస్తారు. తల్లిని లోపల కూర్చోనిస్తారేమో అడగమంటాను. ఎవరినైనా ఎప్పుడైనా కాదన్నారేమో కనుక్కోమంటాను. అక్కడ నేర్చుకున్న పిల్లలతో, వాళ్ళ ఇళ్ళకు పోయి మరీ మాట్లాడమంటాను. ఆ తర్వాత కూడా మంచివాళ్ళని తేలితే పంపమనే చెబుతాను. కోదాడ అమ్మాయి లాంటి పిల్లలు ఎక్కడో ఉంటారు కదా. ఆమె ఏమైందో నాకు తెలియదు.

ఇంత తెలివిగా మాట్లాడే నేను, కోదాడ నుంచి వచ్చిన మర్నాడు బడిలో ఏం చేశానో మాత్రం ఫోన్ చేసినవాళ్ళకు చెప్పను. మద్రాసు ఎప్పుడు పోతున్నావని క్లాసంతా నా చుట్టూ మూగింది. నేను జడ వెనక్కి వేసుకుని, బ్యాగులోంచి పుస్తకాలు తీరుబడిగా తీసుకుంటూ, "పోతలేను. నాకే కథ నచ్చలే" అన్నాను. గొంతు వణకలేదు, కన్ను చెమర్చలేదు. అందరూ నమ్మారు. నా జీవితం మొత్తం మీద నేను నటించిన సీను అదొక్కటే, కానీ బాగా చేశాననే ఇప్పటికీ అనుకుంటాను.