ఆ రోజు సౌండ్ పోలేదు

ఆపరేటర్ చాచా పోయిన సంగతి నాకు కారేపల్లి బస్సులో తెలిసింది. చెప్పినాయన మా ఊరివాడే. నేను గుర్తుపట్టనేమోనని, "అదే టీచరమ్మా, టాకీసుల మిషను కాడ నిద్రపోయిండు సూడు, గాయన" అన్నాడు. మనిషి చనిపోయాడని చెప్పడానికి కూడా ఈ ఊరికి ఆ అబద్ధమే ఆనవాలు కావలసి వచ్చింది. బస్సు దిగేదాకా నా ఒళ్ళు మండుతూనే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

మా ఇంటి గోడా వాళ్ళ ఇంటి గోడా ఒకటే. మా ఊరి టాకీసులో, ఇప్పుడది ఎరువుల గోదాము, చాచా పదిహేనేళ్ళు సినిమా మిషను నడిపాడు. ఎంత తోమినా వేళ్ళ సందుల్లో, మిషనులో వెలిగించే కార్బన్ కడ్డీల నలుపు పోయేది కాదు. మిషను చప్పుడు వినీ వినీ, ఎవరితో మాట్లాడినా తల కాస్త పక్కకు వంచేవాడు. వాళ్ళ అమ్మాయీ నేనూ ఒకే క్లాసు. సెలవు రోజుల్లో మమ్మల్ని క్యాబిన్‌లోకి రానిచ్చి, గోడలో ఉన్న చిన్న కిటికీలోంచి సినిమా చూపించేవాడు.

ఊరికే చూపించేవాడు కాదు. దయ్యం సినిమా వచ్చిందంటే ఆయనకు హుషారు. "దయ్యాన్ని చూడకుండ్రి, కెమెరాను చూడుండ్రి" అనేవాడు. తెర మీద ఒక మూలకు హీరోయిన్, మిగతా అంతా చీకటి తలుపు. ఆమెను అట్లా పక్కకు నెట్టి అంత జాగా ఖాళీగా డైరెక్టర్ ఎందుకు వదిలాడో చెప్పమనేవాడు. మేం నోరు తెరిచేలోపు తనే చెప్పేవాడు, మన కన్ను ఆమె మీద లేదని, ఆ ఖాళీ మీదే ఉందని. ఇంకోసారి కెమెరా మోకాలెత్తున వరండా వెంబడి మెల్లగా పోతోంది. "వరండాల ఎవ్వరు లేరు. మరి నడుస్తున్నది ఎవరు?" అన్నాడు. పట్టపగలు మాటినీలో నా చేతుల మీద రోమాలు లేచాయి. ఆయన మాత్రం తెర వైపు చూడడం లేదు, కింద కూర్చున్న జనాన్ని చూస్తున్నాడు. "భయం తెర మీద ఉండదు బిడ్డా, కూసున్నోళ్ళ మెడలల్ల ఉంటది" అన్నాడు. ఇట్లాంటి మనిషి మిషను దగ్గర నిద్రపోయాడట!

నేను ఇంటర్ చదువుతున్నప్పుడు ఒక దయ్యం సినిమా వచ్చింది. ఈసారి క్యాబిన్‌లోకి రావద్దన్నాడు, జనంలో కూర్చుని చూడమన్నాడు. ఎందుకని అడిగితే ముందే చెబితే మజా పోతుందన్నాడు. మాటినీకి లేడీస్ క్లాసులో ఒక్కదాన్నే కూర్చున్నాను. తెర మీద హీరోయిన్ లాంతరు పట్టుకుని మెట్లు దిగుతోంది. బయట వాన, గాలి, ఎక్కడో కుక్క అరుపు. ముందు కుక్క ఆగింది. తర్వాత గాలి. తర్వాత వాన. ఆఖరికి ఆమె అడుగుల చప్పుడు కూడా లేదు. ఆమె పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. కెమెరా వెనక నుంచి ఆమె మెడ దగ్గరికి జరుగుతోంది.

మా టాకీసులో వారానికి రెండుసార్లు సౌండ్ పోయేది. పోయిందంటే "సౌండ్" అని కేకలు పెట్టడం, చెక్క కుర్చీలు దబదబా కొట్టడం మాకు అలవాటు. ఆ అలవాటులోనే ఎవరో "సౌండ్" అని అరిచారు. ఎవరో ఏమిటి, నేనే. మొదటి కేక నాదే. నా వెనక హాలంతా లేచింది, కుర్చీలు విరిగాయి. అడవి ఊళ్ళ నుంచి వచ్చి నేల టికెట్‌లో కూర్చున్నవాళ్ళు మాత్రం అరవలేదు. అడవిలో కీచురాళ్ళు ఒక్కసారిగా ఆగిపోతే ఏం చేయాలో వాళ్ళకు తెలుసు. ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు. మా గోలలో, ఆ నిశ్శబ్దం తర్వాత రావలసిన అరుపు ఎవరికీ వినపడలేదు.

టాకీసు ఓనరు ఆ సినిమా చూడనే లేదు. తలుపు దగ్గర నిలబడి, ఆపరేటర్ నిద్రపోయాడు, క్షమించమని జనానికి చెప్పేశాడు. ఎంత సులువు! ఆట అయ్యాక నేను క్యాబిన్ మెట్ల కింద ఉన్నాను. చాచా దిగి ఓనరు దగ్గరికి వచ్చాడు.

"సౌండ్ పోలేదు సార్. సినిమానే అట్ల తీసిండ్రు" అన్నాడు.

"జనానికి గట్ల చెప్తే ఎవడు నమ్ముతడు? ఆ ముక్క కోసెయ్."

"అది కోస్తే తర్వాతి అరుపుకు ఎవ్వడు ఉలికిపడడు. నేను కొయ్య."

ఆ సాయంత్రమే ఆయన్ని తీసేశారు. కొత్తగా వచ్చినాయన ఆ ముక్క కోసేశాడు. మర్నాడు ఆ అరుపు వచ్చినప్పుడు హాలంతా నవ్వింది. కుర్చీలు విరగలేదు కాబట్టి ఓనరు సంతోషించాడు.

ఖమ్మంలో పని అడగడానికి పోతే, ఆయనకంటే ముందే ఆ పేరు అక్కడికి చేరింది. మిగిలిన జీవితమంతా కరెంటు మోటార్లకు వైండింగ్ చేశాడు. పిల్లలు నిద్ర ఆపరేటర్ అని పిలిస్తే తల పక్కకు వంచి వినేవాడు. నేను టీచర్నయ్యాను. ఎన్నోసార్లు నిజం చెబుదామనుకున్నాను. మాట మింగేశాను.

చాచా పోయిన మూడో రోజు, ఆయన కోసం చేసే జియారత్ ప్రార్థనకు వెళ్ళాను. టెంటు కింద పాత ఓనరు చాయ్ తాగుతూ, మంచోడే గానీ మిషను కాడ కునుకు తీసేవాడని చెబుతున్నాడు. నేనిక ఆగలేకపోయాను. లేచి నిలబడి, ఆ రోజు సౌండ్ పోలేదని, ఆయన నిద్రపోలేదని, తెలియక మొదట అరిచింది నేనని, సినిమాను కోయనన్నందుకే ఆయన్ని తీసేశారని అందరికీ వినపడేటట్టు చెప్పాను. ఓనరు నేల చూపులు చూశాడు. నాకు అప్పటికి కాస్త బరువు దిగినట్టే అనిపించింది.

చాచా కూతురు నా ఎదుటికొచ్చి నిలబడింది. చేతిలో గ్లాసుల ట్రే.

"గిదే మాట మా అబ్బా బతికి ఉన్నప్పుడు చెప్తే ఏమాయె?" అంది.

ఆమె అందరి ఖాళీ గ్లాసులూ ఏరుకుంది, ఓనరు గ్లాసు కూడా. నాది అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.