అచ్చుకాని నాలుగు కాగితాలు

మొన్న ఆదివారం సైనిక్‌పురిలో గొర్రె ఎరువును రంగురంగుల సంచుల్లో కట్టి మిద్దె మీది కుండీల కోసం అమ్ముతుంటే, జనం వరుసకట్టి కొనుక్కుపోతుంటే, అందరూ ముచ్చటపడే ఆ దృశ్యం చూసి నాకు మాత్రం కడుపులో పాత మంట రగిలింది.

ఆ మంటకు కారణం మా షడ్డకుడు, అంటే మా ఆవిడ చెల్లెలి భర్త. ఒకే ఇంటి అల్లుళ్లను జనం ఎలా తూకం వేస్తారో మన ఈడువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మామగారు కూతుళ్లిద్దరికీ పక్కపక్కనే రెండేసి ఎకరాలు రాసిచ్చారు. నేను మెట్టుగూడలో అద్దెకుంటూ ఓ దినపత్రికలో వ్యవసాయం పేజీ చూసేవాణ్ని. మా ఎకరాలు కౌలుకిచ్చి, సబ్సిడీ యూరియా గొప్పతనం గురించి వారం వారం రాసేవాణ్ని. ఆయనేమో ఎండాకాలంలో కాపరులను పిలిచి, పొలంలో రాత్రిళ్లు గొర్రెల మంద పెట్టించి, అవి వేసిన ఎరువుతోనే వరి పండించేవాడు. "పెద్దల్లుడు పేపర్ల పండిస్తడు, చిన్నల్లుడు పొలంల పండిస్తడు" అని మామగారు పదిమందిలో నవ్వినప్పుడల్లా నాకు అన్నం సహించేది కాదు.

ఒక ఏడాది కాపరులు, ఊరంతా యూరియాకు మళ్లింది, నీ ఒక్కడి పొలం కోసం ఇంత దూరం రాలేమన్నారట. దాంతో ఆయన నాలుగు కాగితాలు రాసుకుని మా ఆఫీసుకు వచ్చాడు. సబ్సిడీని బస్తాకు ముడిపెట్టకుండా ఎకరం చొప్పున రైతు చేతికే ఇవ్వండి, యూరియా కొనుక్కుంటాడో మంద పెట్టించుకుంటాడో అతని ఇష్టం, ఇంతే అందులో ఉన్నది. పేపర్లో పడితే ఊళ్లో నలుగురైనా వింటారని, మంద మళ్లీ వస్తుందని ఆయన ఆశ. అన్నేళ్లలో నేను రాసిన దేనికన్నా అది బాగుందని చదువుతుండగానే తెలిసిపోయింది. ఈ వారం ప్రకటనలు ఎక్కువ, చోటు లేదన్నాను. కాగితాలు సొరుగులో పడేశాను.

"ఏమాయె అన్నా, ఇంక పడలేదా?" అని రెండు మూడుసార్లు అడిగి మానేశాడు. వానలు పడేదాకా ఎదురుచూశాడు, మంద రాలేదు. ఆ ఏడు ఆయన భుజాన యూరియా బస్తా చూసి, సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను సంతోషించాను.

ఇప్పుడు అదే మాట పెద్ద పెద్దవాళ్లు సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకుంటున్నారు. నిన్న ఆయనే ఫోన్ చేశాడు. "అన్నా, టీవీల జూసినవా? నేనన్నదే అంటున్నరు! మస్తు సంబురమైంది" అన్నాడు. తన మాట ఇంకొకరి నోట వినబడినా మురిసిపోగలిగే ఆ గుణం మీద కూడా నాకు అసూయే. నిజం చెప్పేద్దామని నోరు తెరిచి, మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయని అడిగాను.

అప్పట్లో రైతు మాట పది ఊళ్లకు చేరాలంటే నాలాంటివాడి బల్ల దాటి రావాలి. ఇప్పుడు చేలో నిలబడి ఫోన్‌లో మాట్లాడితే చాలు, ఎక్కడివాళ్లో వింటున్నారు. మంచిదేనని నాకూ తెలుసు. కానీ ఎవరి మాట బయటికి పోవాలో, ఎవరిది ఆగిపోవాలో ఆ బల్ల ముందు కూర్చుని తేల్చిన రోజులు గుర్తొస్తే, ఈ వయసులోనూ నాకు సిగ్గుకన్నా ముందు ఆ బల్ల ఇక లేదన్న బెంగే వస్తుంది.