నేను దిద్ది పాడుచేసిన అవ్వ మాట

ఆదివారం పొద్దున బస్సు దిగి, కాలేజీలో మార్కులు పడ్డ నోటుబుక్కు పట్టుకుని నేరుగా పక్కింటి అవ్వ దగ్గరికే వెళ్లాను. గడపలో ఆమె కూతురు కూర్చుని ఉంది.

"మాయమ్మ గురువారమే పాయ కదే పాపా. నీకెవురూ చెప్పలేదా?"

అవ్వ చనిపోయిందని నాకు ఎవరూ చెప్పలేదు.

విత్తనానికి వేరుశనగ ఒలుస్తూ అవ్వ ఏడాదిపాటు నా కాలేజీ పని కోసం తన యాస మాటలు చెప్పింది. నేను పక్కన కూర్చుని, ఆమె అచ్చు పొట్టిగా పలికితే ఒక కాయ, సాగదీస్తే రెండు, ఇంకా సాగితే మూడు పెట్టి, తర్వాత నోటుబుక్కులో గీతలు గీసుకునేదాన్ని. ఎదురింటిని చూపి "ఆడ" అంటే రెండు కాయలు. కొండ మీది మబ్బును చూపి "ఆ...డుండాది వాన, మనకు రాదు" అంటే మూడూ చాలేవి కావు. ఆమె మనవళ్లు రెంటికీ ఒకేలా "అక్కడ" అంటారు. ఆ దూరం వాళ్ల నోట్లో లేదు.

"ఏందే, విత్తనాలు నా మాటలకు పెడ్తాండావు? వాన్లు లేకుంటే మాటలు మొలుస్తాయా?" అని ఎగతాళి చేస్తూ నా కాయలు లాక్కుని ఒలిచేసేది. మరుక్షణం "సరే, యాడికొచ్చినాం?" అని తనే మొదలుపెట్టేది.

కాలేజీలో మా సారు ఆ నోటుబుక్కు చూసి, "ఇది మొరటు యాసమ్మా. శుద్ధంగా రాసుకురా" అన్నాడు. ఆయన మీద నాకు కోపమే. కానీ కలం పట్టింది నేను. మంచి మార్కుల కోసం ప్రతి మాటా పుస్తకంలో ఉన్నట్టు దిద్ది, కొత్త నోటుబుక్కులో రాశాను. గీతలున్న చిత్తు నోటుబుక్కు ఇక అక్కర్లేదనుకుని, అవ్వ పొయ్యి రాజేసుకోవడానికి చింపి ఇచ్చాను. ఆమె మాటలను ఆమె చేతే కాల్పించాను. ఇది తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

"మాయమ్మ మాటలు రాసినావంట కదా, చదువు, నేనూ ఇంటా" అంది కూతురు. చదివాను. రెండో పుటకే చెయ్యి అడ్డం పెట్టింది.

"నిలుపు. యెవురే ఈమె? రేడియోలో వార్తలు చెప్పే ఆమా? మాయమ్మ ఎప్పుడన్నా ఇట్ల మాట్లాడిందా? సదువుకున్నేదానివి, చెవుల్లేవా నీకి?"

నేను తలెత్తలేదు. ఆ తిట్టులో ప్రతి అచ్చూ అవ్వ సాగదీసినంతే సాగింది. "అక్కా, ఆ మాటలు నువ్వు చెప్తావా? ఈసారి దిద్దను" అన్నాను.

ఆమె గడప మీంచి లేచింది. "రేపు ఏడింటి బస్సుకు నేను మా ఊరికి పోవాల. ముందే వస్తే రా. ఏడుస్తా కూకుంటే మాత్రం తరుముతా."

రేపు ఐదింటికే ఆ గడపలో ఉంటాను. ఆమె నన్ను తిట్టినా సరే, తిట్టినట్టే రాస్తాను.